ఎవరి జేబో కనుక్కుని వాదించు

శ్రీకాకుళం

చిరంజీవి నాన్నకి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట సేపు నీ మీదే చెప్పింది. పొద్దున్న లేస్తే చాలు, బంధువుల గ్రూపులో ఎవరో ఒకరితో తగువట. నెట్ కంపెనీలని తిడతావట, అమెరికాని తిడతావట, ఆఖరికి పలాస బాబాయిని పట్టుకుని దేశద్రోహి అన్నావట. "నువ్వైనా వాడిని మానమని చెప్పప్పా" అంది.

మానమని నేను చెప్పను. టెలిఫోన్ ఆఫీసులో, దూరపు ఊళ్లకి కాల్స్ కలిపే ట్రంకు బోర్డు మీద ఉద్యోగం మొదలెట్టి కస్టమర్ కౌంటర్లో రిటైరైన దాన్ని. జనం చేత తిట్లు తినడమే సగం ఉద్యోగం. ఎవరు తిడితే పని జరిగేదో, ఎవరు తిడుతుంటే మేం టీ తాగడానికి లేచిపోయేవాళ్లమో నాకు బాగా తెలుసు. అందుకని వాదించు, గట్టిగానే వాదించు అంటాను. నీ మెసేజీలన్నీ మీ అమ్మ నాకు పంపింది, ఓపిగ్గా చదివాను. తెలివుంది, రోషముంది, తెలుగు కూడా బాగానే రాస్తున్నావు. లేనిదొక్కటే. ఫలానా సుంకం అన్నప్పుడు గానీ ఫలానా ప్లాను అన్నప్పుడు గానీ, ఆ రూపాయి ఎవరి జేబులోంచి తీసి ఎవరి జేబులో వేస్తున్నారని ఒక్కచోటా అడగలేదు నువ్వు. అది అడక్కుండా ఎంత ఘాటుగా రాసినా మాకు టీ వేళే.

ముందు బాబాయి సంగతి తేల్చుకుందాం. తన జీడిపప్పు ఫ్యాక్టరీకి ఆఫ్రికా నుంచి జీడి పిక్కలు తెప్పిస్తున్నాడనే కదా నీ కోపం? "విదేశీ సరుకు బంద్ చెయ్యాలి, మన రైతుని ముంచేవాళ్లు దేశద్రోహులు" అని పెట్టావు. ఏటిరా ఇది, పలాస ఎప్పుడైనా దిగి చూశావా? పలాస చుట్టూ ఉన్న ఉద్దానం తోటల పంట వేసవిలో వస్తుంది, ఆ కొద్ది నెలలతో సరి. పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీలు ఏడాది పొడుగునా తిరగాలంటే ఆ పిక్క చాలదు. ఐవరీ కోస్ట్ నుంచో, బెనిన్ నుంచో, టాంజానియా నుంచో రావాల్సిందే. కేంద్ర ప్రభుత్వం 2018 బడ్జెట్‌లో పచ్చి పిక్క మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించింది. మరుసటి ఏడాది, అంటే 2019 బడ్జెట్‌లో, ఒలిచిన పప్పు మీద సుంకాన్ని 45 శాతం నుంచి 70 శాతానికి పెంచింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు, వ్యవహారం అర్థమవుతుంది. పిక్క రావాలి, పప్పు రాకూడదు. వియత్నాంలో ఒలిచిన పప్పు ఇక్కడ దిగితే కాశీబుగ్గలో ఒలిచే చేతులకి పనుండదు. మీ బాబాయి బతుకుతున్నది ఆ రెండు అంకెల మధ్య ఉన్న సందులో.

ఇప్పుడు మందస మావయ్య దగ్గరికి పద. మా తమ్ముడని వెనకేసుకొస్తున్నాననుకోకు. ఆయన పిక్కల్ని 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. సరిగ్గా కోతల వేళకి బయటి పిక్క గోడౌన్లలో నిండుగా ఉందంటే, వ్యాపారి బస్తా ధర దగ్గర మొహం అటు తిప్పేస్తాడు. పైగా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తోట తోటంతా వేళ్లతో లేచిపోయింది. మళ్లీ నాటిన చెట్టు కాపుకొచ్చేదాకా ఆయన ఏం తిన్నాడో మాకు తెలుసు. పిక్క మీద సుంకం పెంచమని ఆయన అడిగితే తప్పంటావా? బాబాయి తగ్గించమంటాడు, మావయ్య పెంచమంటాడు, ఇద్దరూ మనవాళ్లే, ఇద్దరూ చెప్పేది నిజమే.

మూడో మనిషి సంగతి అసలు నీ మెసేజీల్లోనే లేదు. బాబాయి ఫ్యాక్టరీలోకి వెళ్తే బారుగా కూర్చుని పప్పు మీద పొర తీస్తున్న ఆడవాళ్లు కనిపిస్తారు. పక్క షెడ్డులో పిక్క కోసేవాళ్ల వేళ్లు చూడు, జీడి సొన తగిలి తగిలి కొసలు నల్లగా మాడినట్టు ఉంటాయి. పొర తీసే చాకు కాస్త లోతుగా దిగిందా, గుండు పప్పు కాస్తా బద్ద అయిపోతుంది, ధర పడిపోతుంది. 320 రకం అంటే ఏవిటో నాకు చెప్పింది అక్కడ కూర్చున్న ఒకావిడే, ఒక పౌను తూకానికి మూడొందల ఇరవైకి మించకుండా గుండ్లు తూగాలట. చేత్తో తీసి చూపించింది, 240 రకం పక్కన పెడితే 320 చిన్నదని చూపుకే తెలుస్తోంది. ఆవిడకి కావాల్సింది ఫ్యాక్టరీ నెలకి ఇన్ని రోజులు నడవడం. పిక్క మందసదా, ఆఫ్రికాదా అని ఆవిడ చూడదు. నువ్వు బంద్ అని పెట్టిన రోజు మావయ్య బొటనవేలు పెట్టాడు, బాబాయి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆవిడ నీ గ్రూపులో ఎప్పుడూ లేదు.

అందుకే చెప్తున్నా, దిగుమతి అన్న మాట వినగానే ఎగిరిపడకు. ఏ సరుకు, పచ్చిదా తయారైనదా, ఏ ఏడాది సుంకం, దాని మీద బతికేది ఎవరు, అది తగిలేది ఎవరికి అని ముందు అడుగు. అడిగాక కూడా నీకు మావయ్య పక్షమే న్యాయమనిపిస్తే ఆ పక్షమే వాదించు. నాకూ లోలోపల అటే ఉంది, కోతల నెలల్లోనైనా మన రైతుకి ఏదో ఆసరా ఉండాలని. కానీ ఆ మాట బాబాయిని దేశద్రోహి అనకుండా చెప్పొచ్చు.

రొయ్యల సంగతి కూడా ఇలాంటిదే. "అమెరికా వాడు మన మీద 50 శాతం పన్ను వేశాడు, అది మన దేశం కడుతోంది" అని రాశావు. కట్టేది మన దేశం కాదు. సరుకు అమెరికా రేవులో దిగినప్పుడు అక్కడ దిగుమతి చేసుకునే కంపెనీ వాళ్ల కస్టమ్స్‌కి కడుతుంది. 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి రష్యా చమురు పేరు చెప్పి ఇంకో 25, అలా అప్పట్లో 50 అయింది. రొయ్యల మీద అంతకు ముందే వేరే సుంకాలు ఉన్నాయి, వాటి మీద ఇది. పోనీ అన్ని సరుకుల మీదా వేశాడా అంటే అదీ కాదు, స్మార్ట్‌ఫోన్లని, మందుల్ని అప్పుడు ఆ లెక్కలోంచి వదిలేశాడు. నువ్వు రాసినప్పుడు "అన్నిటి మీదా" అని రాశావు, అవతలివాడు ఆ ఒక్క మాట పట్టుకుని నిన్ను నేల కరిపించాడు.

మరి కట్టేది అమెరికా వాడైతే రొయ్యల చెరువున్న సంతబొమ్మాళి బావ ఎందుకు లబోదిబోమన్నాడు? అక్కడి కంపెనీ మన ఎగుమతిదారుకి ఫోన్ చేసి, ఈక్వెడార్ సరుకు మీద 15 శాతమే ఉంది, నువ్వు ధర తగ్గించకపోతే వాళ్ల దగ్గర కొంటానంటాడు. ఎగుమతిదారు ఏజెంటుకి చెప్తాడు. ఏజెంటు చెరువు గట్టు మీద నిలబడి, కౌంటుకింత అని తగ్గించి చెప్తాడు. కౌంటంటే కిలోకి తూగే రొయ్యల లెక్క, ఎన్ని తక్కువైతే అంత పెద్ద రొయ్య, అంత మంచి ధర. బావ ఆగగలడా? నాలుగు రోజులు ఆగితే మేత ఖర్చు, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు, ఎక్కడ తెగులు తగులుతుందోనన్న భయం. రాత్రి రెండింటికి కరెంటు పోతే జనరేటరు తాడు లాగడానికి పరిగెత్తే మనిషి ఏం బేరమాడతాడు? చెప్పిన ధరకి పట్టుబడి చేసేశాడు. కాగితం మీద పన్ను ఎవరి పేర రాసి ఉన్నా, బేరంలో ఎవడు ఆగలేడో వాడి నెత్తినే ఎక్కువ భాగం పడుతుంది. అక్కడ తినేవాడి మీదా కొంత పడుతుంది, మధ్యలో వాళ్ల మీదా కొంత. "మన దేశం కడుతోంది" అనే బదులు ఇది రాసి ఉంటే నిన్ను కాదనేవాడెవడు?

ఈ సుంకాల అంకెలు ఎప్పుడు వాడినా పక్కన తేదీ వెయ్యి. నువ్వు చదివిన రోజుకీ, రాసిన రోజుకీ మధ్య మారిపోతాయి. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ఒకడు "ల్యాప్‌టాప్‌లు బ్యాన్" అన్నాడు, ఇంకొకడు "ఇక అన్నీ ఇక్కడే తయారు" అన్నాడు. ఒక రోజు తిరక్కుండా దాన్ని అక్టోబరు ఆఖరిదాకా వాయిదా వేశారు, తర్వాత ఆన్‌లైన్‌లో వివరాలు పెట్టి అనుమతి తీసుకునే పద్ధతికి మార్చారు. తిట్టుకున్న ఇద్దరూ లేని ఉత్తర్వు మీద తిట్టుకున్నారు. మొబైల్ ఫోన్ల మీద దిగుమతి సుంకం 20 శాతమని నువ్వు ఇంకా రాస్తున్నావు, 2024 జూలై బడ్జెట్‌లోనే 15కి దించారు.

మీ విజయనగరం జూట్ మిల్లుల మాట కూడా ఎత్తావు, బంగ్లాదేశ్ సరుకే ముంచేసిందని. కొంత నిజం. ఊరికే 2017 జనవరిలో బంగ్లాదేశ్, నేపాల్ జూట్ మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చౌకగా తెచ్చి పోసే సరుకుకి అడ్డంగా వేసే సుంకం, వెయ్యలేదు కదా. కానీ సిమెంటు బస్తా, ఎరువు బస్తా ఎప్పుడో ప్లాస్టిక్ అయిపోయాయి, దానికి బంగ్లాదేశ్ ఏం చేసింది? ధాన్యానికి గోనె సంచే వాడాలని 1987లో చట్టం చెయ్యబట్టి ఆ మాత్రమైనా నిలిచింది. మీ తాతగారు మిల్లులో చేశారు కాబట్టి నీకు బాధ ఉంటుంది, తెలుసు. నిందించాల్సిన వాళ్లు ఇద్దరున్నప్పుడు దూరాన ఉన్నవాడి పేరొక్కటే రాస్తే వాదన సగమే అవుతుంది.

ఇక ఇంటర్నెట్. ఇక్కడ నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఇది నా పని కాబట్టి.

నెట్ న్యూట్రాలిటీ, అంటే నెట్ కంపెనీ అన్ని సైట్లనీ ఒకేలా చూడాలన్న నియమం, దాని మీద నువ్వూ మీ స్నేహితుడూ వారం రోజులు కొట్టుకున్నారు. "డబ్బున్నవాడు ఎక్కువిచ్చి స్పీడు కొనుక్కుంటే తప్పేంటి" అని అతను, "అందరికీ సమానం" అని నువ్వు. ఇద్దరూ వేరే వేరే వాటి గురించి మాట్లాడుతున్నారని ఇద్దరికీ తెలీలేదు. మా ట్రంకు బోర్డు రోజుల్లో మూడు రకాల కాల్స్ ఉండేవి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్. అర్జెంటుకి రెండింతలు, లైట్నింగుకి ఎనిమిదింతల చార్జీ. కాల్ బుక్ చెయ్యగానే టికెట్ రాసి వరసలో పెట్టేవాళ్లం. విశాఖపట్నానికి ఉన్న లైన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లైట్నింగ్ టికెట్ వచ్చిందంటే అది పైకి ఎక్కుతుంది, పొద్దున్నించి పోస్టాఫీసు బల్ల మీద కూర్చున్న ఆర్డినరీ మనిషి టికెట్ ఇంకొంచెం కిందికి దిగుతుంది. "అమ్మా, నా నంబరు ఏమైంది" అని సాయంత్రానికి గొంతు తగ్గిపోయేది వాళ్లకి. ఎక్కువ ఇచ్చినవాడు కొనుక్కున్నది ఇంకొకడి వంతునే. లైను ఇరుకుగా ఉన్నంతకాలం ఇది తప్పదు, మీ స్నేహితుడు ఆ సంగతి మర్చిపోయాడు.

నువ్వు మర్చిపోయింది ఇంకోటుంది. ఆ మనిషి కాల్ చేసేది బ్యాంకుకా, తల్లికా, వ్యాపారికా అని నేను అడిగేదాన్ని కాదు. ఏ నంబరుకైనా చార్జీ ఒకటే. 2015లో ఫేస్‌బుక్ వాళ్లు ఫ్రీ బేసిక్స్ అని తెచ్చింది స్పీడు గొడవ కాదు. వాళ్ల పద్ధతికి ఒప్పుకుని చేరిన సైట్లు ఉచితం, మిగతా నెట్‌కి డబ్బు కట్టుకో అన్నారు. ఆపరేటరే ఏ నంబరు ఉచితమో, ఏ నంబరుకి బిల్లో తేల్చినట్టు. టెలికాం కంపెనీల మీద నియంత్రణ చేసే ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న దాన్నే ఆపింది. చూసే సైటుని బట్టి డేటా రేటు మార్చకూడదు, మారిస్తే రోజుకి 50 వేల జరిమానా, అది 50 లక్షల దాకా. అత్యవసర సేవలకి మాత్రం రేటు తగ్గించుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఎక్కువ డబ్బుకి ఎక్కువ స్పీడు ప్లాను అమ్మొద్దని ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. నీ ఇంట్లో ఉన్నదే అలాంటి ప్లాను కదా!

ఇప్పుడు నడుస్తున్న తగువు ఇంకోటి. యూట్యూబ్ లాంటి పెద్ద సంస్థల వల్లే మా లైన్లన్నీ నిండుతున్నాయి, వాళ్లూ వాటా ఇవ్వాలి అని టెలికాం కంపెనీలు అడుగుతున్నాయి. నువ్వు దోపిడీ అన్నావు. మళ్లీ జేబు దగ్గరికే రా. నువ్వు రీచార్జి కట్టావు, ఆ వీడియో లాక్కునే హక్కు నువ్వు కొన్నావు. వాళ్ల వైపు లైనుకి వాళ్లు కట్టుకుంటున్నారు. మధ్యలో మూడోసారి కట్టించుకుంటే అది తిరిగి తిరిగి చూసేవాడి దగ్గరికో, చిన్న సంస్థ దగ్గరికో వస్తుంది. దక్షిణ కొరియాలో ఈ ఫీజులు మిగతా దేశాలకంటే పది రెట్లున్నాయని చెప్పి ట్విచ్ అనే వీడియో సంస్థ 2024 ఫిబ్రవరిలో అక్కడ దుకాణం మూసేసింది. నేను నీ పక్షమే. అయినా టవరు ఖర్చు అబద్ధం కాదని ఒప్పుకుని మాట్లాడు. టవరు కింద డీజిల్ జనరేటరు, బ్యాటరీలు, స్థలం అద్దె, ఇవన్నీ నిజమైన డబ్బు. తిత్లీకి కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయినప్పుడు, బ్యాటరీలు అయిపోయి టవర్లు ఒక్కొక్కటీ ఆగిపోతుంటే ఫోన్ విలువ ఏంటో ఉద్దానంలో అందరికీ తెలిసింది. పైన స్తంభాల మీద లాగిన ఫైబరు స్తంభంతో పాటే పడుతుంది. భూమిలో పాతితే ఖర్చెక్కువ. ఆ ఖర్చు ఎవరు పెట్టాలి అన్న ప్రశ్న దగ్గర నువ్వు ఎప్పుడూ మౌనమే.

విశాఖకి గూగుల్ డేటా సెంటర్ మీద కూడా రెండు మాటలు. 2025 అక్టోబరు 14న ప్రకటించారు, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, సముద్రం కింద నుంచి కేబుళ్లు కూడా దిగుతాయని. ఇక శ్రీకాకుళంలో నెట్ పరుగులే అని ఎగిరావు. ఆ కేబుల్ దిగినంత మాత్రాన నీ వీధి స్తంభం మీద వేలాడే వైరు మారదు నాన్నా. డేటా సెంటర్ కట్టేటప్పుడు చాలామందికి పనుంటుంది, కట్టాక లోపల నడిపేవాళ్లు కొద్దిమందే. ఎంత కరెంటు, ఏ రేటుకి, నీళ్లు ఎక్కడివి, స్థలం ఎంతకి అని అడుగు. పండగ చేసుకునేవాడూ అడగాలి, ఏడ్చేవాడూ అడగాలి.

నీ సొంత కనెక్షన్ గొడవకి వద్దాం. "100 ఎంబీపీఎస్ అని చెప్పి 12 ఇస్తున్నారు దొంగలు" అని స్క్రీన్‌షాట్ పెట్టావు. ఆ స్క్రీన్‌షాట్ నేను పెద్దది చేసి చూశాను. డౌన్‌లోడ్ జరుగుతున్న చోట చూపించేది మెగాబైట్లు. ప్లానులో చెప్పేది మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. నీకు రావాల్సింది దాదాపు వస్తోంది! నువ్వు దొంగలన్న కంపెనీలో పనిచేసే కుర్రాడు ఎవరైనా అది చూస్తే ఇక నీ నిజమైన కంప్లైంటు కూడా చదవడు.

నిజమైన కంప్లైంటు ఎలా ఉండాలో చెప్తాను, కౌంటర్లో వేలకి వేలు చూసినదాన్ని. "నెట్ చెత్త" అని వచ్చిన కాగితం అడుగున పోయేది. వైఫైని నమ్మకు. రౌటరు నుంచి కంప్యూటరుకి కేబుల్ పెట్టి చూడు. పొద్దున్న ఆరింటికోసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదింటికోసారి, నాలుగు రోజులు రాసుకో. పొద్దున్న బాగుండి రాత్రి మాత్రం పడిపోతోందంటే మీ వీధిలో అందరూ ఒకే లైను మీద కూర్చున్నారన్నమాట, కంపెనీ కెపాసిటీ పెంచాలి. రోజంతా తక్కువే ఉందంటే వైరులోనో, కనెక్టరులోనో, ఫైబరు ఎక్కడో వంగిపోయో లోపముంది, లైన్‌మన్ వచ్చి చూడాలి. గోడకున్న బాక్సు మీద ఎల్ఓఎస్ అని రాసున్న చోట ఎర్ర లైటు వెలిగితే వెలుతురే రావట్లేదు, ఇక స్పీడు టెస్టులెందుకు. ఇవన్నీ ఒక కాగితం మీద తేదీలతో ఉంటే లైన్‌మన్‌కి కూడా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. వాడూ మనిషే, ఎండలో స్తంభం ఎక్కి ఎక్కడ మొదలెట్టాలో తెలియక తిట్టుకుంటాడు.

తర్వాత కంపెనీ కంప్లైంట్ సెంటరుకి చెప్పి డాకెట్ నంబరు తీసుకో. నంబరు లేని కంప్లైంటు లేనట్టే. వాళ్లు తేల్చకపోతే, తేల్చింది నీకు నచ్చకపోతే, 30 రోజుల్లో ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాయి, దానికి రుసుం లేదు. ట్రాయ్‌ని ట్యాగ్ చేసి తిడుతుంటావు, ట్రాయ్ ఒక్కొక్కరి కంప్లైంటు విని తీర్పు చెప్పదు, అది దాని పని కాదు. అప్పీలు కూడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, విజయనగరంలోనే ఉంది. టెలికాం కేసులు అక్కడ చెల్లవని కంపెనీలు చాన్నాళ్లు వాదించాయి, సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో చెల్లుతాయని తేల్చేసింది. ముందుగా మాట్లాడాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. గ్రూపులో నలభై మంది చేత నవ్వు బొమ్మలు పెట్టించుకునే సమయంలో ఇదంతా అయిపోతుంది.

వాదించే తీరు మీద కొంచెం చెప్పి ఆపుతాను. పెద్దవాళ్లతో "మీకు తెలీదు" అని మొదలెట్టకు. తెలీకపోయినా సరే. "ఇలా విన్నాను, నిజమేనా బాబాయ్" అని అడిగితే ఆయనే తన లెక్కలన్నీ విప్పి చెప్తాడు, ఆ లెక్కల్లోనే నీకు కావాల్సింది దొరుకుతుంది. రాత్రి పదకొండు దాటాక ఏదీ పంపకు, రాసి పెట్టుకుని పొద్దున్న చదివి పంపు. ఫార్వర్డు చేసే ముందు అసలు ఉత్తర్వు ఉందా చూడు, ఉంటే ఉత్తర్వే పెట్టు, లేకపోతే నోరు మూసుకో. అవతలివాడు ఒక మాట సరిగ్గా చెప్తే "ఇది నిజమే" అని అక్కడే ఒప్పుకో, మిగతాది దర్జాగా కొట్టు. ఇంకో రకం మనుషులుంటారు, ఏ అంకె చూపించినా పార్టీ పేరు తీస్తారు. వాళ్లని వదిలెయ్యి. వాళ్లతో గెలిచినా నీకు ఒరిగేదేమీ లేదు, మీ అమ్మకి బీపీ తప్ప.

బాబాయికి ఫోన్ చెయ్యి. మెసేజీ కాదు, ఫోన్. క్షమాపణల ఉపన్యాసం ఏమీ అక్కర్లేదు. ఈ ఏడు పిక్క ఎక్కడి నుంచి వస్తోంది, బస్తా ఎంత పడుతోంది అని అడుగు చాలు, గంట దాకా ఫోన్ పెట్టడు. ఆయన చెప్పింది మావయ్యకి చెప్పి, మావయ్య ఏమంటాడో మళ్లీ ఆయనకి చెప్పు. వాళ్లిద్దరూ సంక్రాంతికి మా ఇంటికే వస్తున్నారు, నువ్వూ రా. వచ్చేటప్పుడు నీ కాగితం తెచ్చుకో, స్పీడు రాసుకున్నది, నేనూ చూస్తాను.

అన్నట్టు మీ రౌటరు టీవీ వెనకాల, ఇనప బీరువా పక్కన పెట్టారట, మీ అమ్మ చెప్పింది. ముందు అది తీసి హాలు మధ్యలో ఎత్తుగా పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ